ఐదేళ్ళ చదువు – ముందుగా వేసుకోవలసిన లెక్క
(పెన్షనర్ల దినోత్సవ సభలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకెందుకు పండుగో మీకు చెప్పనక్కరలేదు. పెన్షను ఎవరో దయతలచి ఇచ్చే దానం కాదనీ, చేసిన సేవకు రావలసిన హక్కనీ నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది 1982లో ఈ రోజునే. ఏటా ఈ సభలో డి.ఆర్. గురించీ, మెడికల్ బిల్లుల గురించీ, బకాయిల గురించీ మాట్లాడుకుంటాం. ఈసారి కార్యదర్శిగారు నన్ను పిలిచి, "మీరు అమెరికా వెళ్ళి వచ్చారు కదా, అక్కడి విశేషాలు చెప్పండి" అన్నారు. నయాగరా జలపాతం, పెద్ద పెద్ద మేడల సంగతి మీరు ఇప్పటికే చాలామంది నోట విని ఉంటారు. అందుచేత అవి వదిలేసి, మా మనవరాలి చదువు విషయంలో మేమిద్దరం కూర్చుని వేసిన లెక్క మీ ముందు పెడతాను. ఈ హాలులో ఉన్నవారిలో మనవల చదువుకోసం స్థలమో, డిపాజిట్టో తీయడానికి సిద్ధపడినవారు తక్కువమంది ఉండరు. నేనూ అలా సిద్ధపడినవాణ్ణే.

మనవరాలి కోరిక

2025 ఏప్రిల్‌లో నేనూ, మా ఆవిడా వర్జీనియా రాష్ట్రంలో ఉన్న మా అమ్మాయి ఇంటికి వెళ్ళాం. మా అమ్మాయి, అల్లుడు ఇద్దరూ కంప్యూటరు ఉద్యోగులే. వారి కూతురు అక్కడే పుట్టిన పిల్ల. వాషింగ్టన్ నగరంలోని ఒక విశ్వవిద్యాలయంలో అంతర్జాతీయ వ్యవహారాలు ప్రధాన విషయంగా రెండో సంవత్సరం పూర్తిచేసి, మే నెలలో సెలవులకు ఇంటికి వచ్చింది. వచ్చిన నాలుగో రోజున భోజనాల దగ్గర, "నేను బ్యాచిలర్స్, మాస్టర్స్ రెండూ కలిపి ఐదేళ్ళలో చేస్తాను. మూడో సంవత్సరంలో దరఖాస్తు పెట్టాలి" అని చెప్పింది. మా అల్లుడు చెయ్యి కడుక్కుని లేచిపోయాడు.

అంతర్జాతీయ వ్యవహారాలంటే ఏమిటో నాకు సరిగా తెలియదని ఒప్పుకుంటాను. పిల్లే చెప్పింది. దేశాల మధ్య యుద్ధాలు, సంధులు, వర్తకం, అప్పులు, వలసలు, నదీజలాలు – ఇవన్నీ అందులోకి వస్తాయట. మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక, ఇలాంటి యుద్ధం మళ్ళీ రాకూడదంటే దేశాల సంబంధాలను శాస్త్రంగా చదవాలన్న ఆలోచనతో 1919లో వేల్స్ దేశంలోని అబెరిస్ట్విత్‌లో మొదటి ఆచార్య పదవి పెట్టారు. అదే సంవత్సరం వాషింగ్టన్‌లో జార్జిటౌన్ విశ్వవిద్యాలయంవారు విదేశాంగ సేవకు ప్రత్యేకంగా ఒక కళాశాల తెరిచారు. మన దేశంలో 1955లో ఢిల్లీ సప్రూ హౌస్‌లో ఇండియన్ స్కూల్ ఆఫ్ ఇంటర్నేషనల్ స్టడీస్ మొదలై, 1970లో జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో కలిసింది.

ఇది మనకు సంబంధం లేని దూరపు చదువని అనుకునేవాణ్ణి. కాని 2025 ఆగస్టు నెలాఖరుకు మన సరుకులపై అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు, ఆ దెబ్బ తగిలింది మన కోస్తా జిల్లాల రొయ్యల రైతులకే కదా! చెరువు గట్టు మీద నిలబడినవాడికి కూడా అంతర్జాతీయ వ్యవహారాలు తప్పవని ఆ రోజున తెలిసింది.

ఇంట్లో జరిగిన రగడ

మా అల్లుడి అభ్యంతరం ఒక్కటే: "ఆ చదువుకు ఉద్యోగం ఎక్కడుంది?" అతన్ని తప్పుపట్టడానికి లేదు. ఆ వేసవిలో జరిగినవి అలా ఉన్నాయి. ప్రపంచమంతటా సహాయ కార్యక్రమాలు నడిపిన యు.ఎస్.ఎయిడ్ సంస్థ 2025 జూలై 1న మూతపడి, మిగిలిన పనులు విదేశాంగ శాఖలో కలిసిపోయాయి. మరో పది రోజులకు ఆ విదేశాంగ శాఖలోనే 1,300 మందికి పైగా ఉద్యోగులకు తొలగింపు నోటీసులు వెళ్ళాయి. ఇదే చదువు చదివి, ఇరవై ఏళ్ళు పనిచేసినవాళ్ళు అట్టపెట్టెల్లో సామాన్లు సర్దుకుని బయటికి వస్తుంటే టీవీలో చూశాం. మా అల్లుడు టీవీ వైపు చెయ్యి చూపించి ఊరుకున్నాడు. పిల్ల ఆ రాత్రి భోజనానికి రాలేదు.

అప్పుడు మా అమ్మాయి భర్తతో ఒక మాట అంది: "నన్ను అడక్కుండా నా చదువు నిర్ణయించారు. దానికి కూడా అలాగే చెయ్యొద్దు." అన్నది అల్లుడితో. తగిలింది నాకు. 1995లో మా అమ్మాయి ఇంటర్ పూర్తికాగానే బి.ఏ. చదివి, తరువాత ఢిల్లీ వెళ్ళి రాజనీతి శాస్త్రం చదువుతానంది. నేను వినిపించుకోలేదు. ఎంసెట్ రాయించి ఇంజనీరింగులో చేర్చాను. అది బాగానే స్థిరపడింది, ఒక్కనాడూ నన్ను దెప్పలేదు. ముప్ఫై ఏళ్ళ తరువాత ఆ మాట బయటికి వచ్చింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెల్లవారాక మనవరాలి గదికి వెళ్ళి, "అమ్మా, ఊళ్ళో నాకు రెండువందల గజాల స్థలం ఉంది. అమ్మేసి నీ ఐదో సంవత్సరం ఫీజు కడతాను" అన్నాను. అది నా మొహంలోకి చూసి, "తాతయ్యా, నువ్వు ట్రెజరీలో పనిచేశావు కదా. అమ్మే ముందు లెక్క చూడవా?" అంది.

నేను ఖజానా శాఖలో 1974 నుంచి 2008 వరకు పనిచేశాను. మంజూరు ఉత్తర్వు, బడ్జెట్ కేటాయింపు, సంతకం – ఈ మూడూ చూడకుండా ఒక్క బిల్లు పాస్ చేసినవాణ్ణి కాను. అలాంటి నేను స్వంత సొమ్ము విషయంలో ఏ కాగితమూ చూడకుండా చెక్కు రాయబోయాను. సిగ్గుపడి, ఒక పెద్ద నోటు పుస్తకం తెచ్చి గీతలు గీశాను. వారం రోజులు కూర్చున్నాం.

మొదటి పద్దు: క్రెడిట్లు

అమెరికాలో చదువును క్రెడిట్లలో కొలుస్తారు. బ్యాచిలర్స్ డిగ్రీకి సాధారణంగా 120 క్రెడిట్లు కావాలి. సెమిస్టరుకు 15 చొప్పున ఎనిమిది సెమిస్టర్లు, అంటే నాలుగేళ్ళు. మాస్టర్స్‌కు మేము చూసిన లెక్కలో 36. విడివిడిగా చేస్తే మొత్తం 156, ఆరేళ్ళు. ఉమ్మడి డిగ్రీలో నాలుగో సంవత్సరంలో చదివే పై తరగతి సబ్జెక్టులు కొన్ని, అంటే సుమారు 12 క్రెడిట్లు, రెండు డిగ్రీల కిందా లెక్కకు వస్తాయి. అప్పుడు మొత్తం 144. ఐదో సంవత్సరంలో మిగిలేవి 24. సెమిస్టరుకు 12 చొప్పున రెండు సెమిస్టర్లలో అయిపోతాయి. ఆరో సంవత్సరం మిగిలిపోవడంలోని రహస్యం ఇంతే.

ఒకే ఖర్చును రెండు పద్దుల కింద చూపిస్తే మా శాఖలో ఛార్జి మెమో వస్తుంది. ఇక్కడ అదే పనికి విశ్వవిద్యాలయం అనుమతి ఇస్తుందంటే నేను నమ్మలేదు. నిబంధనలన్నీ చదివించుకుని గాని ఒప్పుకోలేదు. చదివాక తెలిసిందేమంటే, ఏ సబ్జెక్టు పడితే ఆ సబ్జెక్టు రెండు వైపులా చెల్లదు. ఏవి చెల్లుతాయో ముందే సలహాదారుచేత రాతపూర్వకంగా ఖాయం చేయించుకోవాలి. మార్కుల సగటు ఫలానా అంకెకు తగ్గకూడదు. ఉమ్మడి డిగ్రీకి అనుమతి వచ్చాక చదివినవే లెక్కకు వస్తాయి గాని, అంతకుముందు చదివినవి రావని కొన్నిచోట్ల షరతు ఉంటుంది. ఈ కాగితం చూడకుండా సబ్జెక్టులు తీసుకున్న పిల్లకు ఐదేళ్ళు కాస్తా ఐదున్నర అవుతాయి. ఆ అర సంవత్సరం ఫీజుకు మనం దాచుకున్నదంతా హరించుకుపోతుంది.

రెండవ పద్దు: భాష

ఈ చదువులో ఒక విదేశీ భాషలో ప్రావీణ్యం చూపించాలన్న నియమం తరచుగా ఉంటుంది. మా పిల్ల హైస్కూలులో స్పానిష్ చదివింది. కాని "స్పానిష్ అందరికీ వస్తుంది, చైనీస్ అయితే గిరాకీ" అని మూడో సంవత్సరం నుంచి చైనీస్ కొత్తగా మొదలుపెడతానంది.

అమెరికా విదేశాంగ శాఖ తన ఉద్యోగులకు భాషలు నేర్పే సంస్థ వర్జీనియాలోని ఆర్లింగ్టన్‌లో ఉంది. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారికి ఏ భాష ఎన్ని వారాల్లో పట్టుబడుతుందో వారు పట్టిక వేశారు. స్పానిష్‌కు సుమారు 30 వారాలు. హిందీకి 44 వారాలు. మన తెలుగుకూ 44 వారాలే. చైనీస్, జపనీస్, కొరియన్, అరబిక్ భాషలకు 88 వారాలు, అంటే 2,200 గంటల తరగతులు. ఇక మా పిల్ల చేతిలో ఉన్నది ఆరు సెమిస్టర్లు. వారానికి 5 గంటలు, సెమిస్టరుకు 14 వారాలు చొప్పున 420 గంటలు. ఇంట్లో చదివేది దానికి రెట్టింపు వేసుకున్నా 2,200 దగ్గరికి రాదు.

ఆ అంకెలు చూసి పిల్ల చాలాసేపు మాట్లాడలేదు. చివరికి తనే స్పానిష్‌కు గుర్తు పెట్టింది. స్పానిష్‌లో పరీక్ష ముందే గట్టెక్కితే, మిగిలిన జాగాలో ఆర్థికశాస్త్రం, గణాంకశాస్త్రం రెండు మూడు సబ్జెక్టులు పడతాయి. ఒక కొలువు పోయినా మరో చోట పనికివచ్చే విద్య అది. వాళ్ళ నాన్న ఆ వరుస చూసి మొదటిసారి తల ఊపాడు. మన పి.వి. నరసింహారావుగారు కూడా స్పానిష్ నేర్చుకున్నారనీ, 1980లోనూ మళ్ళీ 1988లోనూ విదేశాంగ మంత్రి అయ్యారనీ నేను చెబితే, "మరి ముందే ఎందుకు చెప్పలేదు?" అంది. తెలుగు 44 వారాల పట్టికలో ఉందని తెలిశాక, నా దగ్గర ఓనమాలు కూడా మొదలుపెట్టింది.

మూడవ పద్దు: సొమ్ము

అసలు మెలిక ఇక్కడ ఉంది. మొదటి నాలుగేళ్ళకు మా పిల్లకు విశ్వవిద్యాలయం స్కాలర్‌షిప్ ఇస్తోంది. అది ఎనిమిది సెమిస్టర్లకే. ఐదో ఏడాది ఆమెను మాస్టర్స్ విద్యార్థిగా లెక్కిస్తారు. అప్పుడు పూర్తి ఫీజు. పేద విద్యార్థులకు అక్కడి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే పెల్ గ్రాంటు ప్రాథమికంగా బ్యాచిలర్స్ డిగ్రీ ఇంకా పూర్తికాని వారికోసమే. చదువుతున్నంతకాలం వడ్డీని ప్రభుత్వమే భరించే రుణాలు మాస్టర్స్ వారికి 2012లోనే ఆగిపోయాయి. 2025 జూలై 4న సంతకమైన చట్టం ప్రకారం, ఫీజు ఎంతైతే అంత అప్పిచ్చే గ్రాడ్ ప్లస్ రుణం 2026 జూలై 1 నుంచి కొత్తవారికి లేదు. ఇటువంటి మాస్టర్స్‌కు ఏడాదికి 20,500 డాలర్లు, మొత్తం మీద లక్ష డాలర్లు అని పరిమితి పెట్టారు. మిగిలింది ఇంటినుంచి రావాలి, లేదా ప్రైవేటు బ్యాంకునుంచి. 2008లో నాకు గ్రాట్యుటీ, కమ్యుటేషను, లీవు సొమ్ము అన్నీ కలిపి వచ్చినది ఆ ఐదో ఏడాదిలో ఒక సెమిస్టరుకు కూడా చాలదు.

ఇంకొకటి కూడా బయటపడింది. అమెరికా విదేశాంగ శాఖ తరఫున పికరింగ్, రేంజెల్ అనే పెద్దల పేర్లతో రెండు ఫెలోషిప్పులు ఏర్పాటయ్యాయి. అమెరికా పౌరులకే. మాస్టర్స్ ఖర్చుకు గట్టి సహాయం చేసి, తరువాత ఐదేళ్ళు విదేశాంగ సేవలో పనిచేయించుకుంటాయి. కాని అవి రెండేళ్ళ మాస్టర్స్‌కు ఉద్దేశించినవి. ఒక సంవత్సరం ఆదా చేద్దామని ఐదేళ్ళ ఉమ్మడి డిగ్రీలో చేరిన పిల్లకు మిగిలే మాస్టర్స్ ఒక్క ఏడాదే. అంటే సంవత్సరం ఆదా చేయబోయి రెండేళ్ళ సహాయం పోగొట్టుకునే ప్రమాదం ఉందన్నమాట. త్వరగా అయ్యేదంతా చవక కాదని ఆ పూట ఇద్దరికీ అర్థమైంది.

నాలుగవ పద్దు: ఆ డిగ్రీ ఎక్కడ అవసరం

అమెరికా విదేశాంగ సేవ పరీక్షకు ఫలానా డిగ్రీ ఉండాలన్న షరతే లేదు. ఐక్యరాజ్యసమితిలో యువ ఉద్యోగుల పరీక్షకు 32 ఏళ్ళలోపు వయసు, మొదటి డిగ్రీ చాలు. అదే ఐక్యరాజ్యసమితిలో మామూలుగా అధికారి స్థాయి ఉద్యోగాలకు మాస్టర్స్ అడుగుతారు. బ్యాచిలర్స్ మాత్రమే ఉన్నవారికి అనుభవం మరికొన్నేళ్ళు ఎక్కువ కావాలంటారు. కాబట్టి మాస్టర్స్ వృథా కాదు. కాని అది మొదటి మెట్టు మీదే ఉండి తీరాలనేది నిజం కాదు. రెండు మూడేళ్ళు పనిచేసి, ఏ దేశం, ఏ విషయం తనకు పట్టుబడుతుందో తెలుసుకుని చేరినా చేరవచ్చు.

ఇన్ని పద్దులూ వేశాక మేము తీర్మానించినది ఇది. నాలుగేళ్ళ బ్యాచిలర్స్ దానంతట అది నిలబడేట్టు పూర్తి చేయాలి. సబ్జెక్టుల వరుస మాత్రం ఐదో ఏడాదికి దారి మూసుకుపోకుండా వేసుకోవాలి. మూడో సంవత్సరంలో దరఖాస్తు పెట్టాలి. పెట్టినంతమాత్రాన చేరవలసిన పనిలేదు. ఆ సంవత్సరం ఆఖరున ఒక తేదీ రాసుకున్నాం. ఆ రోజున స్కాలర్‌షిప్ ఉందా, ఉద్యోగాల పరిస్థితి ఏమిటి, భాష పరీక్ష అయిందా అన్న మూడు ప్రశ్నలు చూసి నిర్ణయించుకోవాలి. నిర్ణయం ఆ పిల్లదే. స్థలం అప్పటివరకు అమ్మకూడదు. ఈ చివరి షరతు పిల్లే రాసింది. తీర్మానం కింద మా అల్లుడు కూడా సంతకం చేశాడు.

ఇక్కడి పిల్లలకు

మన మనవలందరూ అమెరికాలో పుట్టినవారు కారు. ఇక్కడినుంచి ఈ చదువుకు వెళ్ళదలచిన పిల్లలకు పైన చెప్పిన ప్రభుత్వ రుణాలు, ఫెలోషిప్పులు వర్తించవు. చదువు అయ్యాక అక్కడ పని చేసుకోవడానికి సాధారణంగా 12 నెలలే గడువు. ఇంజనీరింగు, కంప్యూటరు పిల్లలకు దొరికే అదనపు 24 నెలలు అంతర్జాతీయ సంబంధాల చదువుకు మామూలుగా లేవు. అమెరికా విదేశాంగ సేవ అక్కడి పౌరులకే. కనుక లక్షలు అప్పు చేసేముందు పది రోజులు ఆగి ఆలోచించండి.

మన దేశంలో 2020 జాతీయ విద్యావిధానం ఐదేళ్ళ సమీకృత డిగ్రీకీ, నాలుగేళ్ళ డిగ్రీ తరువాత ఒక్క ఏడాది మాస్టర్స్‌కూ వీలు కల్పించింది. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో సాంఘిక శాస్త్రాలలో ఇంటర్ తరువాత చేరే ఐదేళ్ళ ఎం.ఏ.లు నడిచాయి. అదే నగరంలో ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఉంది. మన ఐ.ఎఫ్.ఎస్.కు కావలసింది ఏదైనా ఒక డిగ్రీ మాత్రమే. సివిల్ సర్వీసుల పరీక్షకు 21 ఏళ్ళు నిండాలి. జనరల్ వర్గానికి 32 ఏళ్ళ పరిమితి, ఆరు ప్రయత్నాలు. ఐదేళ్ళ కోర్సులో చేరిన పిల్ల మధ్యలో ఆగవలసి వస్తే మూడో ఏడాదికో, నాలుగో ఏడాదికో డిగ్రీ చేతికి ఇస్తారా అని చేరేరోజునే అడగండి. ఇది చిన్న ప్రశ్న. కాని ఇంట్లో ఏ అనారోగ్యమో, కష్టమో వచ్చిన రోజున దాని విలువ తెలుస్తుంది.

మిత్రులారా, ఈ వయసులో మనం మనవలకు ఇవ్వగలిగినది సొమ్ము ఒక్కటే అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. కాని 34 ఏళ్ళు కాగితాలు చదివిన కళ్ళు, నిబంధనలో మెలిక ఎక్కడుందో పట్టుకునే అలవాటు మనందరికీ ఉన్నాయి. ఏ శాఖలో పనిచేసినవారైనా సరే. అవి పిల్లల పక్కన కూర్చుని ఉపయోగిస్తే స్థలం అమ్మినదానికంటే మేలు జరగవచ్చు. 1995లో మా అమ్మాయి పక్కన నేను అలా కూర్చోలేదు. చదువు మంచిదా కాదా అని లెక్క వేసి కాదన్నవాణ్ణి కాదు, వెయ్యకుండానే కాదన్నాను. తిరిగి వచ్చేముందు విమానాశ్రయంలో మా అమ్మాయికి ఆ మాట చెప్పాను. "ఇప్పుడు దాని దగ్గర కూర్చున్నావు కదా నాన్నా" అంది.

మా మనవరాలు ఐదో ఏడాది చదువుతుందో లేదో నేను చెప్పలేను. ఆ తేదీ మాత్రం నా డైరీలో రాసి ఉంది. స్థలం కాగితాలు బీరువాలో భద్రంగా ఉన్నాయి. మొన్న దాని దగ్గరినుంచి ఫోనులో తెలుగు అక్షరాల్లో ఒక సందేశం వచ్చింది: "తాతయ్యా, స్పానిష్ పాస్." ఒత్తులూ, దీర్ఘాలూ అన్నీ సరిగ్గా ఉన్నాయి.

 ఎవరికైనా మనవల చదువు కాగితాలు చూపించాలని ఉంటే, సభ అయ్యాక టీల దగ్గర నేను ఉంటాను. కళ్ళజోడు తెచ్చుకున్నాను.